ఆల్చిప్పల వేపుడులో పూత ఊడిపోవడం, మాంసం రబ్బరులా సాగడం: సమాధానం

ఆల్చిప్పలు వేయిస్తే పూత ఊడిపోతోందని, మాంసం రబ్బరులా సాగుతోందని, పక్కన నంజుకునే సాస్ పలచబడుతోందని మీరు అడిగారు. మొదటి రెండు ఇబ్బందులకూ మూలం తడే కావచ్చు. మాంసంలో నిలిచిన ఉప్పునీరు నూనెలో ఆవిరై పూతను లోపలి నుంచి నెట్టివేస్తుంది, నూనె వేడినీ తగ్గిస్తుంది. రంగు వచ్చేదాకా మీరు ఎక్కువసేపు వేయించడంతో మాంసం బిగుసుకుపోతుంది.

1. చిప్పల నుంచి తీసిన మాంసాన్ని జల్లెడలో 15 నిమిషాలు వార్చి, పొడి బట్టతో అద్ది, తరువాతే చిక్కటి మజ్జిగలో ముంచండి.

2. మైదా, మొక్కజొన్న పిండి సమానంగా కలపండి. ఇక్కడ కావలసినది పసుపుపచ్చని గరుకు పిండి, తెల్లని కార్న్‌ఫ్లోర్ కాదు.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: పిండిలో దొర్లించిన ముక్కలను మళ్లీ జల్లెడలో వేసి, అదనపు పిండి రాలేదాకా గట్టిగా విదిలించాలి. లేకుంటే ఆ పిండి నూనెలో మాడి, తరువాతి వాయిలన్నింటికీ చేదు అంటిస్తుంది. అన్నింటికీ ఒకేసారి పిండి పట్టించి పక్కన పెట్టకండి. నిలవ ఉంటే పూత జిగురుగా మారుతుంది కనుక, ఏ వాయికి ఆ వాయి అప్పటికప్పుడే పట్టించాలి.

4. నూనె సుమారు 185 డిగ్రీల సెల్సియస్ ఉండగా, గుప్పెడు చొప్పున, 1 నుంచి 2 నిమిషాలు మాత్రమే వేయించండి. వాయికీ వాయికీ నడుమ నూనె మళ్లీ కాగనివ్వండి.

ఇక నంజుకునే మయొనేజ్ సాస్ పలచబడటానికి కారణం, అందులో వేసే ఊరవేసిన దోసకాయ ముక్కల నీరు. తరిగిన ఆ ముక్కల నీటిని గట్టిగా పిండేసి, ఆ తరువాతే మయొనేజ్‌లో కలపండి. నిమ్మరసం చివర్లో కొద్దికొద్దిగా చేర్చండి.