కొత్తగా తెచ్చుకున్న పిల్లి ఇల్లంతా గీరేస్తుంటే ఏం చేయాలి? మా పిల్లి మేరుతో మేం చేసింది ఇది

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు. పది రోజుల క్రితం ఒక పెద్ద పిల్లిని పెంచుకోవడానికి తెచ్చుకున్నారు. సోఫా చేతులు, కర్టెన్లు, పడగ్గది తలుపు గీరేస్తోంది, అరిచినా ఆగడం లేదు. గోళ్ళు తీయించేయమని ఒకరు, అది గీరే చోట కారం చల్లమని ఇంకొకరు సలహా ఇచ్చారు. తలుపు చూసి ఓనరుగారు ఏమంటారో అని మీకు టెన్షన్.

గోళ్ళు తీయించే ఆలోచన మాత్రం ఈ రోజే మానేయండి. గోళ్ళు కత్తిరించడం వేరు, తీయించడం వేరు. పిల్లి గోరు వేలి చివరి ఎముకకి అంటుకుని ఉంటుంది. అందుకని గోరు తీయడమంటే ఆ ఎముకని కూడా కోసేయడమే, మన వేళ్ళని చివరి కణుపు దాకా నరికేసినట్టు. ఆ తర్వాత నడవడానికీ, ఎక్కడానికీ, తనని తాను కాపాడుకోవడానికీ దానికి కష్టమైపోతుంది. కాళ్ళు నొప్పి పుట్టి, మలమూత్రాల కోసం పెట్టే మట్టి ట్రేలోకి వెళ్ళడం మానేసే పిల్లులు, రక్కలేక కొరకడం మొదలుపెట్టే పిల్లులు ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 2019లోనే ఈ ఆపరేషన్‌ని నిషేధించారు. సోఫా కోసం ఒక ప్రాణానికి చేయాల్సిన పని కాదు ఇది.

ఇక మా సంగతి. మేం విజయవాడ సత్యనారాయణపురంలో రెండో అంతస్తులో ఉంటాం, మాదీ అద్దె ఇల్లే. మా అక్కవాళ్ళది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు వచ్చినప్పుడు వాళ్ళు నాలుగు రోజులు పై అంతస్తులోనే ఉండిపోయారు. ఎక్కణ్ణుంచో వచ్చిన ఒక పిల్లి కూడా ఆ నాలుగు రోజులూ వాళ్ళ మెట్ల మీదే ఉంది. పడవలో వచ్చిన పాల ప్యాకెట్లలోంచి కాస్త దానికీ పోసేవాళ్ళు. నీళ్ళు తీశాక వీధంతా అడిగారు కానీ, మాదేనని ఎవరూ రాలేదు. బురద నిండిన ఇంట్లో అక్క దాన్ని చూసుకోలేక నాకిచ్చింది. మా అమ్మాయి బుడమేరులోంచి సగం తీసుకుని ‘మేరు’ అని పేరు పెట్టింది. రెండేళ్ళు ఉంటాయని పశువైద్యుడు చెప్పారు.

వచ్చిన మూడో రోజు నుంచి మొదలుపెట్టింది. ముందు సోఫా చెయ్యి, తర్వాత హాల్లోని మంగళగిరి నేత కర్టెన్లు, తర్వాత వీధి తలుపు ద్వారబంధం. నేను చప్పట్లు కొట్టి అరిచేదాన్ని. అది పారిపోయి బీరువా వెనక దాక్కునేది. రాత్రి మేం పడుకున్నాక మళ్ళీ వచ్చి అక్కడే గీరేది. అంటే అరుపు వల్ల అది నేర్చుకున్నది, నేనున్నప్పుడు గీరకూడదని మాత్రమే. పైగా నన్ను చూసి భయపడటం నేర్చుకుంది. అప్పటికే ఇల్లు పోగొట్టుకున్న ప్రాణిని నేను ఇంకా భయపెట్టానని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు అరవడం ఆపేయండి, నీళ్ళు చిమ్మడం లాంటివి కూడా వద్దు.

పిల్లి గీరడం పొగరుతో చేసే పని కాదు. గోరు మీద పాత పొర ఊడి, లోపలి కొత్త గోరు బయటికి రావాలి. దానికి గీరాలి. మీ సోఫా కింద ఊడ్చేటప్పుడు చూడండి, నెలవంకలా వంగిన సన్నని పొట్టు, వడ్ల ఊకంత, దొరుకుతుంది. గోరు విరిగిందని కంగారు పడొద్దు, అది ఆ పాత పొరే. నిద్ర లేవగానే ముందు కాళ్ళు బారచాపి ఒళ్ళు విరుచుకోవడానికి కూడా గీరుతుంది. మూడోది, కొత్తగా వచ్చిన పిల్లి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది: దాని పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. గీరిన చోట ఆ వాసన అంటుతుంది. గీత కంటికి కనబడుతుంది, వాసన ముక్కుకి తెలుస్తుంది, ఈ చోటు నాది అని దానికి ధైర్యం వస్తుంది. మేరు గీరిన మూడు చోట్లూ ఏవో తర్వాత ఆలోచిస్తే తట్టింది. మేమందరం కూర్చునే సోఫా, బయటి మనుషులు కనబడే కిటికీ, ఎవరైనా లోపలికొచ్చే తలుపు. ఇంట్లో మూలన పడున్న పాత పరుపుని అది ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అందుకే గీరడం మాన్పించాలని చూడకండి. గీరే వస్తువుని మార్పించండి. చోటు మాత్రం అదే ఉండనివ్వండి. మీ సమస్యకి నా జవాబు మొత్తం ఇందులోనే ఉంది.

ఈ విషయం నాకు తెలిసేలోపు ఆన్‌లైన్‌లో ఒక చిన్న గీరుడు స్తంభం తెప్పించాను. అడుగున్నర ఎత్తు, తేలిక. సోఫాకి అడ్డంగా ఉంటుందని బాల్కనీ మూలలో పెట్టాను. మేరు ఒక్కసారి దాని మీద కాళ్ళు వేసింది, అది ఊగి పక్కకి పడింది. మళ్ళీ దాని ఛాయలకి పోలేదు. పెద్ద పిల్లి వెనక్కాళ్ళ మీద నిలబడి చేతులు పూర్తిగా చాపితే దాదాపు మూడడుగులు అందుకుంటుంది. ఆ ఎత్తు లేకపోయినా, బలంగా లాగినప్పుడు కదిలినా దానికి నచ్చదు.

రెండోది మేమే చేయించాం. నాలుగంగుళాల మందమున్న గుండ్రటి కర్ర దిమ్మె, మూడడుగులకి కోయించి, అడుగున రెండడుగుల చదరం ప్లైవుడ్ పలకకి మేకులు కాకుండా స్క్రూలతో బిగించమని వడ్రంగికి చెప్పాను. తాడు వన్‌టౌన్‌లో కొన్నాను. సెంటీమీటరు లావు తాడు ఆ దిమ్మెకి దాదాపు 32 మీటర్లు పడుతుంది, తక్కువ తెచ్చుకుని మళ్ళీ తిరగొద్దు. కొబ్బరి తాడు చవక, పని చేస్తుంది, కానీ పీచు బాగా రాలుతుంది. సైసల్ అని అమ్మేది మన కిత్తనార రకమే, అది గట్టిగా ఉంటుంది, పిల్లులు ఇష్టంగా గీరుతాయి. నైలాన్ తాడు వద్దు, గోళ్ళు చిక్కుకుంటాయి. వరసకీ వరసకీ సందు లేకుండా చుట్టి, పైనా కిందా మాత్రం మేకులు కొట్టి, మేకు తలలు తాడు కిందకి పోయేలా చూసుకోండి.

దాన్ని సోఫా చేతికి ఆనించి పెట్టాను. హాలు చూడ్డానికి బాగోలేదని అత్తయ్యగారు అన్నారు, నిజమే. కానీ అక్కడ పెట్టడమే పని చేసింది. పిల్లి రోజూ దానికి అలవాటు పడ్డాక, వారానికి ఒకటి రెండు జానల చొప్పున మీకు కావాల్సిన వైపుకి జరుపుకోవచ్చు. తొందరపడి ఒకేసారి పక్క గదిలోకి మార్చకండి.

అడ్డంగా, నేల మీద గీరడం ఇష్టపడే పిల్లులు కూడా ఉంటాయి. మీది ఎలా గీరుతోందో రెండు రోజులు గమనించండి. నిలబడి గీరితే స్తంభం, తివాచీ మీద వంగి గీరితే ఒక చెక్క మీద గోనె బిగించి నేల మీద పరిస్తే చాలు. గోనె అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త, మీది గుంటూరు కాబట్టి మరీ చెప్పాలి. మా బాబాయి అక్కడ మిర్చి వ్యాపారంలో ఉన్నారు. గోతాం కావాలంటే మంచిది ఒకటి పంపించారు. దులిపి, ఒకసారి ఉతికి, ఆరబెట్టి వేశాను. మేరు దాని మీద గీరి, అలవాటుగా కాళ్ళు నాకింది. అంతే, నోట్లోంచి చొంగ కారడం, తుమ్ములు, ముందు కాళ్ళతో మూతి రుద్దుకోవడం. రెండు గంటలు అల్లాడిపోయింది. తప్పు నాదే, ఆ నారలోంచి ఘాటు ఒక్క ఉతుకుకి పోదని నాకు తట్టలేదు. కారం చల్లమని మీకిచ్చిన సలహా ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పిల్లి తన ఒంటికి అంటినదంతా నాలుకతోనే శుభ్రం చేసుకుంటుంది. కారమైనా, ఫినాయిలైనా, ఘాటైన నూనెలైనా చివరికి దాని కడుపులోకే పోతాయి. కొత్త గోనె కొనుక్కోండి, లేదా బియ్యం వచ్చిన సంచి వాడండి.

స్తంభం వైపు రప్పించడానికి మాకు బాగా ఉపయోగపడింది కుప్పింటాకు మొక్క. ఖాళీ స్థలాల్లో, గోడల వారన దానంతటదే మొలుస్తుంది, మురిపిండి అని కూడా అంటారు. దాని వేరు వాసనకి చాలా పిల్లులు మత్తెక్కినట్టు దొర్లుతాయి. విదేశాల్లో క్యాట్‌నిప్ వాడినట్టే ఇది. వేరు కడిగి, నలిపి, తాడుకి రుద్దాను, తినకుండా ముక్కలు తీసేశాను. మేరు తాడుని కౌగిలించుకుని మరీ గీరింది. అన్ని పిల్లులూ ఇలా చేయవు, మీది పట్టించుకోకపోతే వదిలేయండి. దాని చెయ్యి పట్టుకుని బలవంతంగా తాడుకి రుద్దించడం మాత్రం చేయొద్దు, చాలా మంది చెబుతారు కానీ భయపడి ఆ చోటునే వదిలేస్తుంది. తనంతట తాను గీరినప్పుడు వెంటనే ఒక చిన్న చేప ముక్క పెట్టండి, ఉప్పూ కారం లేకుండా ఉడికించింది. నిద్ర లేచినప్పుడూ, మీరు బయటి నుంచి వచ్చినప్పుడూ గీరాలనిపిస్తుంది కాబట్టి ఆ సమయాల్లో స్తంభం దగ్గర ఉండి ఆడించండి.

అదే సమయంలో పాత చోటు దానికి రుచించకుండా చేయాలి. సోఫా చేతికి డబుల్ సైడ్ టేపు వరసలుగా అంటించాను. కాళ్ళకి జిగురుగా తగలడం పిల్లులకి నచ్చదు. ద్వారబంధానికి చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. ముందు సోఫాని నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచాను, పాత వాసన మిగిలి ఉంటే మళ్ళీ అక్కడికే పిలుస్తుంది. కర్టెన్లు రెండు నెలలు పైకి ముడేశాను. ప్రత్యామ్నాయం పక్కనే లేకుండా టేపు ఒక్కటే అంటిస్తే మాత్రం ఇంకో కుర్చీ వెతుక్కుంటుంది.

గోళ్ళ కొనలు రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తే నష్టం బాగా తగ్గుతుంది. ముందు కాళ్ళకి అయిదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. ఒకేరోజు అన్నీ పూర్తి చేయాలని లేదు, నేను మొదట్లో రోజుకి రెండే కత్తిరించేదాన్ని, అది నిద్రమత్తులో ఉన్నప్పుడు. పాదం కింది మెత్తటి భాగాన్ని మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబి రంగులో కనిపించేది రక్తనాళం, దాని దరిదాపులకి పోకుండా వంకర కొన మాత్రమే తీయాలి. పొరపాటున రక్తం వస్తే మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది కాసేపు నొక్కి పట్టండి. మొదటిసారి పశువైద్యుడి దగ్గర చూపించుకుంటే ధైర్యంగా ఉంటుంది. మేం గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళినప్పుడు చూసి నేర్చుకున్నాను. అప్పుడే రేబిస్ టీకా కూడా వేయించేయండి.

టీకా మాట ఎందుకంటే, మీ పిల్లి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరు రాయలేదు. ఈ హడావిడిలో మిమ్మల్ని గానీ పిల్లల్ని గానీ రక్కితే, చిన్న గీతే కదా అని ఊరుకోకండి. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చూపించుకోండి. పసుపు, సున్నం పెట్టొద్దు.

ఎన్నాళ్ళు పడుతుందంటే, మాకు ఆరు వారాలు. దసరా వెళ్ళేసరికి సోఫా వైపు చూడటం మానేసింది. టేపు తీసేశాను. ఆ తర్వాత దీపావళి రాత్రి టపాకాయలకి బీరువా వెనక దూరి, మర్నాటి నుంచి మళ్ళీ సోఫా, మళ్ళీ తలుపు. నాకు ఏడుపొచ్చింది, పడ్డ కష్టమంతా పోయిందనుకున్నాను. పోలేదు. భయం వేసినప్పుడు వాసన మళ్ళీ పూసుకుంటుందని గుర్తు తెచ్చుకుని, ఏమీ అనకుండా టేపు మళ్ళీ అంటించాను, తలుపు దగ్గర కూడా ఒక చిన్న గోనె పలక గోడకి బిగించాను. వారంలో సర్దుకుంది. మీకు కూడా ఇంటికి చుట్టాలొచ్చినా, సామాను జరిపినా ఇలా కావచ్చు, ముందే తెలిసుంటే కంగారు పడరు.

ఇక మీ తలుపు. ఇప్పుడే బాగు చేయించకండి. రెండు వారాల పాటు ఆ చోటు అసలు ముట్టుకోలేదని నమ్మకం కుదిరాక, సాండ్‌పేపర్‌తో రుద్ది, గీతల్లో లప్పం పెట్టి, ఆ భాగానికి మాత్రం రంగు వేయిస్తే సరిపోతుంది. మా ద్వారబంధం ఒక పూటలో అయిపోయింది. ఓనరుగారికి మాత్రం దాచకుండా మీరే ముందు చెప్పండి. మేం అలాగే చెప్పాం, ఖాళీ చేసేలోపు బాగు చేయించి ఇస్తామంటే ఆయన ఒప్పుకున్నారు. మీ పిల్లి నిలబడి గీరుతోందా, నేల మీద గీరుతోందా చూసి రాయండి, స్తంభం కొలతలు దాన్నిబట్టి చెబుతాను.