తెగిన నరానికి స్టెమ్ సెల్ సూది పనిచేస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. నాలుగు నెలల క్రితం అద్దం పగిలి కుడి మోచేతికి కాస్త కింద లోతుగా కోసుకుపోయింది. అల్నార్ నరం (మోచేతి మీదుగా చిటికెన వేలి వైపు వెళ్లేది) తెగిందని మర్నాడే ఆపరేషన్ చేసి కుట్టారు. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి ఇప్పటికీ స్పర్శ లేదు, అవి వంకర తిరిగాయి. చేతిలో పట్టు నిలవక మగ్గం ఎక్కడం లేదు. పొట్ట కొవ్వులోంచి స్టెమ్ సెల్స్ తీసి ఎక్కిస్తే మూడు నెలల్లో నయమవుతుందని ఒక క్లినిక్ వారు రూ.3 లక్షలు అడుగుతున్నారు. అప్పు చేసైనా చేయించమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అప్పు చేయకండి. ఆ కణాల వెనుక నిజమైన శాస్త్రం ఉంది గాని, మీకు అమ్మజూపుతున్నది చికిత్సగా ఇంకా రుజువు కాలేదు.

మగ్గం మీద పడుగు పోగు తెగితే ముడివేసి మళ్లీ నేస్తారు. నరం అలా అతకదు. దాని పోగులన్నీ వెన్నుపాములోను, దాని పక్కనా ఉండే కణాల నుంచి వస్తాయి కాబట్టి, తెగిన చోటికి దిగువనున్న భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. ఈ సంగతిని 1850లోనే వాలర్ అనే శాస్త్రవేత్త గమనించాడు. సర్జన్ కుట్టినది పై తొడుగును మాత్రమే. లోపలి పోగులు ఆ కుట్టు దగ్గర కొన్ని వారాలు తడబడి, తర్వాత రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వేళ్ల దాకా కొత్తగా పెరగాలి. మీ తమ్ముడి గాయం నుంచి అరచేతి కండరాలకు దాదాపు 25 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే 250 రోజులు, అంటే ఎనిమిది నెలలకు పైగా కావాలి. నాలుగో నెలలో వేళ్లు కదలకపోవడం ఆపరేషన్ విఫలమైందనడానికి గుర్తు కాదు. ఆ క్లినిక్ వారు చెప్పిన ‘మూడు నెలలు’ పూర్తయ్యే నాటికి ఏ సూదీ లేకుండానే కొంత మార్పు రావచ్చు, ఆ ఘనత సూదికి దక్కుతుంది.

ఇక స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాల విషయం. చచ్చిన భాగాన్ని శుభ్రం చేసి, కొత్త పోగులకు దారి చూపి, ఎదుగుదలకు కావలసిన రసాయనాలను అందించేవి నరం పోగులను చుట్టి ఉండే ష్వాన్ కణాలు. నరం పెద్ద మేర పోయినప్పుడు మధ్య ఖాళీని పూడ్చడానికి సాధారణంగా కాలి పిక్క వెనుక నుంచి ఒక నరాన్ని తీసి అతుకుతారు. దానికి బదులుగా ఆ కాలి పాదం బయటి అంచున మొద్దుబారుతుంది. ఈ నష్టం లేకుండా ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన కణాలను ష్వాన్ కణాల్లాంటివిగా మలిచి, సన్నని గొట్టంలో నింపి, తెగిన కొనల మధ్య అమర్చాలన్నది పరిశోధకుల ఆలోచన. ఎలుకల తొడ నరంలో సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ మీద మంచి ఫలితాలు కనబడ్డాయి. మనిషి చేతిలో దూరం చాలా ఎక్కువ. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా ఎలుక చర్మకణాలను మూలకణాలుగా మార్చి చూపిన తర్వాత, అలాంటి కణాల నుంచి ష్వాన్ కణాలను తయారుచేసే దారి కూడా తెరుచుకుంది. అయితే పూర్తిగా మారని కణం ఒకటి మిగిలినా గడ్డగా పెరిగే ప్రమాదం ఉంది. కొవ్వు నుంచి తీసినదాన్ని ఏ మార్పూ లేకుండా సూదితో ఎక్కించడం వీటిలో దేనికీ సమానం కాదు. పైగా మీ తమ్ముడి నరంలో పూడ్చవలసిన ఖాళీయే లేదు, కొనలు కలిపి కుట్టారు కదా!

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినవన్నీ పరిశోధనగానే జరగాలి, అందులో పాల్గొనేవారి నుంచి డబ్బు తీసుకోకూడదు. ఆ క్లినిక్ వారిని సీటీఆర్‌ఐ (మన దేశంలో మనుషులపై జరిగే చికిత్సా పరీక్షల నమోదు పట్టిక) నమోదు సంఖ్య అడిగి చూడండి.

మీరు కాపాడుకోవలసింది కాలం. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి పనిచేయడం కష్టం. అందుకని ఆపరేషన్ చేసిన సర్జన్‌ను ఈ నెలలోనే కలవండి. నరం వెంట వేలితో తడితే జివ్వుమనే చోటు (పెరుగుతున్న పోగుల కొన ఉండే చోటు) నెలనెలా మణికట్టు వైపు జరుగుతోందేమో ఆయన గుర్తు పెడతారు, ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) కూడా చేయిస్తారు. ఆ చోటు కదలకుండా నిలిచిపోతే మళ్లీ తెరిచి చూడడమా, పక్క నరం నుంచి పోగులు మళ్లించడమా అన్నది త్వరగా తేల్చాలి. హైదరాబాద్ నిమ్స్‌లో రెండో అభిప్రాయం తీసుకున్నా మంచిదే. అంతవరకు వేళ్ల కీళ్లు బిగుసుకోకుండా ఫిజియోథెరపీ, స్ప్లింట్ (వేళ్లను సరైన తీరులో నిలిపే కట్టు) మానవద్దు. స్పర్శ లేని ఆ రెండు వేళ్లను వేడి చాయ్ గ్లాసుకు తగలనివ్వకండి, కాలినా తెలియదు.