సంతకం పెట్టారు కదా, ఇంకేంటి?

సొంతంగా డాక్యుమెంటరీలు తీసుకునేవాళ్ల నుంచి కొన్ని నెలలుగా వస్తున్న ఉత్తరాలన్నీ పక్కన పెడుతూ వచ్చాను, ఈసారి అవన్నీ ఒకేసారి బయటికి తీశా. నా గురించి ఒక్క మాట ముందే చెప్పేస్తా: పెద్ద పేరున్నవాణ్నేం కాదు, ఇన్నేళ్లలో తీసినవి నాలుగు, అందులో ఒకటి ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లోనే పడుంది. కాబట్టి కింద చెప్పేవి చాలావరకు దెబ్బ తిని నేర్చుకున్నవే.

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే రెండేళ్లుగా సెలవు రోజుల్లో ఒక డాక్యుమెంటరీ షూట్ చేస్తున్నాను. ఇంట్లో "దీనివల్ల నీకొచ్చేదేంటి" అని అడుగుతున్నారు. నిజంగా నా దగ్గర జవాబు లేదు. మీకేం వచ్చింది?

జవాబు: డబ్బయితే రాలేదండి, అది ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నా నాలుగింటిలో పెట్టింది తిరిగొచ్చింది ఒక్కదానికే.

వచ్చిందేంటంటే, మొదటి సినిమా ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు నా గొంతు నేను మొదటిసారి సరిగ్గా విన్నా. ఒకావిడ ఏదో చెప్పబోయి ఆగింది, మాట కోసం వెతుక్కుంటోంది, రెండు సెకన్లు కూడా కాలేదు, నేను మధ్యలో దూరిపోయి "అంటే మీ ఉద్దేశం ఏంటంటే..." అని నా మాట తెచ్చి ఆవిడ నోట్లో పెట్టేశా, ఆవిడ పాపం మర్యాదకి "ఆఁ, అంతే" అంది. ఒక్కచోట కాదు, ఆ ఇంటర్వ్యూ మొత్తం ఇదే తంతు. ఆవిడ అసలేం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత నోరు మూసుకోవడం ప్రాక్టీస్ చేశా, ఎదుటివాళ్లు ఆగితే మనసులో పది లెక్కపెట్టుకునేవాణ్ని, ఆ పది అయ్యేలోపే అసలు మాట బయటికొస్తుంది చూడండి, దాదాపు ప్రతిసారీ. ఈ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది, మా ఆవిడైతే "వింటున్నారా, నిద్రపోతున్నారా" అంటుంది, అది వేరే సంగతి.

ఇంకోటి, మనల్ని లోపలికి రానివ్వడం. గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన పక్కన ఏడాదిన్నర కూర్చున్నా. కెమెరా అనే సాకు లేకపోతే ఏ మొహం పెట్టుకుని అన్ని గంటలు కూర్చునేవాణ్ని? ఎందుకొచ్చావంటే ఏం చెప్పేవాణ్ని? ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగ్‌ని పట్టకారుతో ఎత్తి దాని చోట్లో పెడతారు, అది కూర్చున్నాక ఊపిరి వదులుతారు, హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేనూ వదిలేవాణ్ని. ఇది జీతంతో పాటు వచ్చేది కాదు. మీ ఇంట్లోవాళ్లకి ఇలా చెబితే ఒప్పుకుంటారా అంటే, డౌటే.

అయితే వాళ్లు అడిగినదాంట్లో న్యాయం ఉంది. మీకు పైన నిర్మాత లేడు, ఛానల్ లేదు, ఇన్నిరోజుల్లో అయిపోవాలి అనేవాడు లేడు, అంటే ఇక చాలు ఆపు అనేవాడు కూడా లేడన్నమాట. 1994లో వచ్చిన 'హూప్ డ్రీమ్స్' అనే అమెరికన్ డాక్యుమెంటరీ, బాస్కెట్‌బాల్ ఆడే ఇద్దరు కుర్రాళ్ల మీద అరగంట సినిమా తీద్దామని మొదలుపెట్టి, ఐదేళ్ల షూటింగ్, సుమారు 250 గంటల ఫుటేజీ అయి, చివరికి మూడు గంటలకి కాస్త తక్కువలో తేలింది. మనలాంటివాళ్లందరం ఆ ఉదాహరణ చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటాం, ఇంట్లో మాత్రం చెప్పకండి. మీ సెలవు రోజులు మీ ఒక్కరివే కాదు, వాళ్లవి కూడా, బడ్జెట్ రాసుకునేటప్పుడు ఆ ఖర్చు ఎవరం రాయం. ఫలానా నెలకి షూటింగ్ ఆపేస్తా అని తేదీ చెప్పండి, చెప్పి నిజంగానే ఆపండి.

ప్రశ్న: మంచి కెమెరా ఏది కొనాలి?

జవాబు: ఉన్నది వాడండి. డబ్బుంటే మైక్ కొనండి, ఇంకా మిగిలితే రెండో హార్డ్ డిస్క్. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. రెండో డిస్క్ ఎందుకంటే, పాతకాలపు డాక్యుమెంటరీ డైరెక్టర్ రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర కెనడా నుంచి తీసుకొచ్చిన నెగెటివ్, దాదాపు 30,000 అడుగులు, 1916లో ఆయన సిగరెట్ నిప్పు పడే తగలబడిపోయింది. ఆయన మళ్లీ అంత దూరం వెళ్లి తీసుకొచ్చాడు, 'నానూక్ ఆఫ్ ద నార్త్' అయింది. మీరూ నేనూ మళ్లీ వెళ్లం.

ప్రశ్న: నేను సినిమా తీస్తున్న మనిషి పనికి బయల్దేరే షాట్ మిస్సయింది. రేపు ఇంకోసారి నడవమని అడిగితే అది మోసమా?

జవాబు: రోజూ నడిచే మనిషిని ఇంకోసారి నడవమంటే మోసమేంటండి, అడగండి. పైన చెప్పిన ఫ్లాహర్టీ 1922 సినిమాలో తుపాకులు వాడుతున్నవాళ్ల చేత బల్లేలతో వేటాడించాడు, మంచు ఇంట్లో కెమెరాకి వెలుతురు చాలట్లేదని ఒక పక్క తెరిచిన ఇల్లు కట్టించాడు, అందులో వేటగాడు నానూక్‌కి భార్య అని చూపించినావిడ అతని భార్య కాదు, నానూక్ అనేది అతని పేరు కూడా కాదు. వందేళ్లయినా దాని మీద గొడవ ఆగలేదు. నా వరకు నేను పెట్టుకున్న గీత ఏంటంటే, రోజూ చేసే పని మళ్లీ చేయమని అడుగుతా, ఏడవమనీ పోట్లాడమనీ మాత్రం అడగను.

ఇంకా చెప్పాలంటే అసలు మోసం షూటింగ్‌లో కంటే ఎడిటింగ్‌లో ఎక్కువ. ఒకాయన వాతావరణం గురించి తలూపిన షాట్ తెచ్చి పక్కింటాయన తిట్ల కింద అతికిస్తే చాలు, ఊరుకున్న మనిషి ఆ తిట్లకి ఒప్పుకున్నట్టయిపోతుంది. అది నేనూ చేశా ఒకసారి. ఎవరూ కనిపెట్టలేదు, అదే ఇంకా చిరాకు.

ప్రశ్న: నా సినిమాలో ముఖ్యమైన ఒకావిడ ఏడాది కింద రిలీజ్ ఫారం (తనని తీసింది సినిమాలో వాడుకోవచ్చని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెట్టింది. ఇప్పుడు రఫ్ కట్, అంటే సినిమా మొదటి కూర్పు, రెడీ అయ్యాక తన గురించిన ఒక భాగం తీసేయమంటోంది. అది తీస్తే సినిమా కుప్పకూలుతుంది. సంతకం ఉంది కదా, ఉంచేయొచ్చా?

జవాబు: చట్టప్రకారం ఎంతవరకు చెల్లుతుందో మీ లాయర్ని అడగండి, నేను దాని గురించి మాట్లాడను. ఆ కాగితం ఛానల్‌వాళ్లకీ ఫెస్టివల్‌వాళ్లకీ చూపించడానికి కావాలి, తప్పకుండా తీసుకోవాలి. కానీ ఆవిడ సంతకం పెట్టిన రోజున ఈ సినిమా ఎలా ఉండబోతోందో మీకే తెలీదు కదా, మీకే తెలియనిదానికి ఆవిడ ఒప్పుకుందని ఎలా అంటాం?

నా సంగతి చెబుతా. గడియారాల పెద్దాయనకి ఒకరోజు షూటింగ్ మధ్యలో ఫోనొచ్చింది, లేచి లోపలి గదిలోకి వెళ్లారు. చొక్కాకి తగిలించిన కాలర్ మైక్ అలాగే ఉంది, ఆన్‌లో. నా చెవులకి హెడ్‌ఫోన్స్. అవతల కొడుకు అనుకుంటా, నాకు ఈయన మాటే వినిపిస్తోంది. "నీ దగ్గరికొచ్చి ఉండను. అసలు ఉండమని నువ్వు అడగలేదు కూడా, అది గుర్తుపెట్టుకో." తర్వాత ఏం లేదు, ఊపిరి చప్పుడు తప్ప, స్ప్రింగ్ పెట్టేటప్పటి ఊపిరి కాదది. నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాలి. పెట్టలేదు. రికార్డింగ్ నడుస్తూనే ఉంది, నలభై సెకన్లేమో, "సినిమా దొరికింది" అనుకున్నా. సిగ్గు విడిచి చెబుతున్నా, సరిగ్గా ఆ మాటే అనుకున్నా.

ఆ గొంతుని ఆయన ఖాళీ కుర్చీ షాట్ మీద వేశా. రఫ్ కట్ చూసినవాళ్లందరూ అక్కడే కళ్లు తుడుచుకున్నారు. నాతో కూర్చునే ఎడిటర్ మాత్రం ఒక్క ప్రశ్న అడిగాడు, "ఇది రికార్డయిందని ఆయనకి తెలుసా?" ఫారంలో "రికార్డయిన బొమ్మా శబ్దం అన్నీ" అని ఉందిరా అన్నా. వాడేం మాట్లాడలేదు, టైమ్‌లైన్ వెనక్కి లాగి మళ్లీ వినిపించాడు. మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆయనకి చూపించా. మొత్తం విన్నారు. కోప్పడలేదు. "ఇది మావాడు చూస్తాడా?" అన్నారు. చూడొచ్చు అన్నా. ఆ తర్వాత వారం రోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఆ మాటలు తీసేశా, కుర్చీ షాట్ ఉంచా, గడియారాల టిక్‌టిక్ తప్ప దాని మీద ఏం లేదు. సినిమా అక్కడ కాస్త కుంటుతుంది, కుంటుతోందని నాకు ప్రతిసారీ తెలుస్తుంది.

మీరు కూడా అంతా తీసేయాలని కాదు నా ఉద్దేశం. ముందు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, ఎవరు చూస్తారని భయమో అడగండి. మొత్తం భాగం తీసేయమన్నవాళ్లకి చాలాసార్లు అందులో ఒక పేరో, ఒక్క వాక్యమో గుచ్చుకుంటూ ఉంటుంది, అది తీస్తే సరిపోతుంది. 1961లోనే ఫ్రాన్స్‌లో ఝాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ తమ 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' సినిమాని అందులో ఉన్నవాళ్లకే వేసి చూపించి, వాళ్ల వాదనలు కూడా షూట్ చేసి సినిమాలోనే కలిపేశారు, కొందరికి అది మరీ బట్టలూడదీసినట్టు అనిపించింది, కొందరికి నటనలా అనిపించింది, రెండూ ఉంచేశారు.

అడిగిన ప్రతివాళ్లకీ తలొగ్గాలా అంటే అదీ కాదు. ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో మసాచుసెట్స్‌లో మానసిక రోగులైన ఖైదీలని ఉంచే ప్రభుత్వ ఆసుపత్రి మీద 'టిటికట్ ఫాలీస్' తీస్తే, అందులో రోగుల ప్రైవసీ దెబ్బతింటోందని ప్రభుత్వం కోర్టుకెళ్లింది, 1991 దాకా మామూలు జనానికి చూపించనివ్వలేదు. ఆ రోగుల్లో చాలామంది నిజంగా ఒప్పుకోగలిగే స్థితిలో లేరు, అది నిజం, వాళ్ల పేరు చెప్పి తన లోపాలు దాచుకోవడం ప్రభుత్వానికి సుఖంగా ఉంది, అదీ నిజం. నేనైతే అడిగేది ఎవరు, పోయేది ఎవరిది అని చూస్తా. కుర్చీలో కూర్చున్న అధికారి తీసేయమంటే నేను వినను. మీ సినిమాలో ఉన్నావిడ అధికారి కాదు కదా.

ప్రశ్న: మనం తీస్తున్నవాళ్లకి డబ్బు సాయం చేయొచ్చా? చేస్తే నిజం చెడిపోతుందని అంటారు.

జవాబు: చెడిపోతుందని చెప్పేవాళ్లలో చాలామందికి జీతం వస్తూ ఉంటుంది, గమనించండి. చెప్పినదానికి ఇంత అని ఇస్తే మాత్రం నిజంగానే చెడిపోతుంది, అవతలి మనిషి మీకు కావాల్సింది చెప్పడం మొదలుపెడతారు. ఇంట్లో చీకటైపోయినప్పుడు ఇచ్చేది వేరు. 'హూప్ డ్రీమ్స్'లో ఒక కుర్రాడి ఇంటికి కరెంట్ కట్ చేస్తే ఆ చీకటినీ షూట్ చేశారు, కరెంట్ మళ్లీ రావడానికి సాయమూ చేశారు, తర్వాత సినిమా మీద వచ్చినదాంట్లో ఆ కుటుంబాలకి వాటా కూడా ఇచ్చారు.

ఇక్కడ డబ్బు కంటే చిక్కుముడి ఇంకోటి ఉంది. ఎరోల్ మోరిస్ 1988లో 'ద థిన్ బ్లూ లైన్' తీశాడు, చేయని హత్యకి పన్నెండేళ్లు జైల్లో ఉన్న రాండల్ ఆడమ్స్ 1989లో బయటికి రావడానికి ఆ సినిమా పెద్ద కారణం. అలాంటి మేలు చేసిన డైరెక్టరుతో కూడా ఆడమ్స్ తర్వాత కోర్టుదాకా వెళ్లాడు, నా జీవితకథ మీద హక్కులు నావి అని. చివరికి బయటే రాజీ పడ్డారు. కృతజ్ఞత లేని మనిషి అని మొదట్లో నేనూ అనుకున్నా, ఇప్పుడు అనుకోను. జైలు నుంచి బయటికొచ్చి చూసుకుంటే తన కథ కాగితం మీద ఇంకొకరి దగ్గర ఉంది, ఎవరికైనా ఎలా ఉంటుంది?

ప్రశ్న: సినిమా పూర్తయింది. పదకొండు ఫెస్టివల్స్‌కి పంపితే పదకొండూ వద్దన్నాయి. ఇంతకీ ఎవరి కోసం తీసినట్టు?

జవాబు: అందులో ఉన్నవాళ్లకి చూపించారా? ఉత్తరంలో ఆ మాటెక్కడా లేదు, అందుకే అడుగుతున్నా. ఫ్రెంచ్ డైరెక్టర్ ఆన్యెస్ వర్దా 2000లో చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని, పొలాల్లో పరిగె ఏరుకునేవాళ్ల మీద సినిమా తీసింది, రెండేళ్లకి మళ్లీ అదే మనుషుల దగ్గరికి వెళ్లి ఎలా ఉన్నారో ఇంకో సినిమా తీసింది. అన్ని ప్రైజులొచ్చిన మనిషికి మళ్లీ వెళ్లాలనిపించింది చూడండి.

నా గడియారాల సినిమా కూడా పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. పెద్దాయనకి మాత్రం ఆయన ఇంట్లోనే, గోడ మీద దుప్పటి కట్టి వేసి చూపించా. సినిమా చూడ్డం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నా, ఆ ఖాళీ కుర్చీ షాట్ వచ్చేసరికి నాకు గుండె దడ. ఆయన ముందుకి వంగి, కళ్లు చికిలించి, కుర్చీ వెనక గోడకున్న రెండు గడియారాల్లో ఒకదాన్ని వేలితో చూపించి, "అది పక్కదానికంటే నాలుగు నిమిషాలు వెనకుంది, ఆ రోజే నాకు చెప్పొద్దా బాబూ" అన్నారు.