ఫ్రిజ్ పక్కలు వేడెక్కాయని థర్మాకోల్ అతికించకండి

ఫ్రిజ్ పక్క రేకులు కాలుతున్నాయనీ, తలుపు అంచున చెమట పడుతోందనీ, బయట థర్మాకోల్ షీట్లు అతికిద్దామనుకుంటున్నాననీ రాశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి అండీ.

వెనక నల్ల జాలీ కనబడని ఫ్రిజ్‌లలో చాలావాటికి కండెన్సర్ గొట్టాలు, అంటే వేడిని బయటికి వదిలే గొట్టాలు, పక్క రేకులకే లోపలివైపు అంటించి ఉంటాయి. లోపల లాగిన వేడి ఆ రేకు మీదుగానే గదిలోకి పోవాలి. దాన్ని కప్పేస్తే కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు, బిల్లూ పెరుగుతుంది. రెండు పక్కలా కనీసం బెత్తెడు ఖాళీ వదలండి.

చల్లదనాన్ని కాపాడేది బయటి రేకూ కాదు, లోపలి ప్లాస్టిక్కూ కాదు. ఆ రెంటి మధ్య ద్రవంగా పోస్తే ఉబ్బి గట్టిపడే పాలీయురిథేన్ ఫోమ్. దాని సన్నటి బుడగల్లో చిక్కుకున్న వాయువు, ఇప్పుడు ఎక్కువగా సైక్లోపెంటేన్, గాలికన్నా తక్కువ వేడిని దాటనిస్తుంది. అంతే మందం థర్మాకోల్ దానికి సాటిరాదు.

చెమటకు ముందు గాస్కెట్‌నే, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీనే, అనుమానించండి. తలుపులో 10 రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, చుట్టూ అన్నిచోట్లా. మా ఇంట్లో కింది మూలలో నోటు ఇట్టే జారి వచ్చేసింది. చూస్తే రబ్బరు మడతలో మీగడ ఎండి గడ్డకట్టి ఉంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిచాక చెమట ఆగింది.

గాస్కెట్ బాగుండి, రేకు మీద ఒకే చోట తడి కనబడితే అక్కడ ఫోమ్ ఖాళీగానో తడిసో ఉండొచ్చు. మెకానిక్‌కు చూపించండి. మీరు మాత్రం డ్రిల్ పెట్టొద్దు: గొట్టాలు అక్కడే ఉంటాయి, కొత్త ఫ్రిజ్‌లలో చల్లబరచడానికి ఆ గొట్టాల్లో ఎక్కువగా వాడే ఆర్600ఎ గ్యాస్ మండుతుంది.