పరామర్శకు వచ్చిన దేవుడు

గ్రీకు తత్త్వవేత్తల దేవుడూ క్రైస్తవుల దేవుడూ ఒకరేనా అని అడిగారు. కానే కాదు. ఈ తేడా నాకు మా ఇంట్లో, నాన్నగారి భూస్థాపన అయిన రాత్రి తెలిసింది.

అప్పుడు నేను ఎం.ఏ. తత్త్వశాస్త్రం చదువుతున్నాను. అరిస్టాటిల్ ‘మెటాఫిజిక్స్’ పన్నెండో భాగం తలకెక్కి ఉంది. అందులోని దేవుడు తాను కదలడు, సమస్తాన్నీ కదిలిస్తాడు. మనసుపడ్డ వస్తువు మనల్ని తన వైపు లాక్కున్నట్టు. ఆయన పని ఒక్కటే, తన ఆలోచననే ఆలోచించుకోవడం. మార్పు లేదు, బాధ లేదు. బంధువులంతా పడుకున్నాక అమ్మను ఓదార్చబోయి ఇదంతా చెప్పాను. అమ్మ ఓపిగ్గా విని, "ఆ దేవుడు ఎప్పుడైనా ఎవరింటికైనా పరామర్శకు వెళ్ళాడా బాబూ?" అని అడిగింది.

ఆమె ఒళ్ళో పాత బైబిలు ఉంది. అట్ట ఊడిపోతే జాకెట్టు గుడ్డ ముక్క వేసి కుట్టుకున్న బైబిలు. యోహాను సువార్త 11వ అధ్యాయం తీసింది. యేసు స్నేహితుడు లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. యేసు బేతనియకు వచ్చాడు, లాజరు తోబుట్టువు మరియ ఏడవడం చూశాడు. 35వ వచనం మీద అమ్మ వేలు ఆగిపోయింది: "యేసు కన్నీళ్లు విడిచెను." మూడే మాటలు. కాసేపట్లో లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు!

అదే సువార్త మొదటి వచనంలోని ‘వాక్యము’ గ్రీకులో ‘లోగోస్’. దాదాపు 600 ఏళ్ళ ముందే గ్రీకు తత్త్వవేత్త హెరాక్లిటస్ లోకాన్ని నడిపే క్రమానికి వాడిన మాట అది. ఆ తర్వాతి గ్రీకు తత్త్వవేత్తలు స్టోయిక్కులూ వాడారు. అయితే ఆ వాక్యము యేసుగా శరీరధారి అయిందని వాళ్ళలో ఎవరూ అనలేదు. మన సంఘాల్లో ‘గ్రీకు మూలంలో’ అంటూ ఒక్క పదం పలికి విశ్వాసులను హడలగొట్టే ప్రసంగీకులు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

మాటలు అరువు తెచ్చుకోవడం తప్పనను. కుమారుడైన యేసు తండ్రి అయిన దేవుడితో ఒకే తత్త్వం గలవాడని చెప్పడానికి 325లో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా సభ బైబిల్లో లేని ‘హోమోఊసియోస్’ అనే గ్రీకు మాట తీసుకుంది, మంచి పనే చేసింది. దేవుడికి బాధ అంటదన్న గ్రీకు ఊహ కూడా వెంట వచ్చి మన క్రైస్తవుల ఇంట్లో తిష్ఠ వేసిందే, నా తగువంతా దానితోనే.

13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అక్వినాస్ అరిస్టాటిల్ వాదంతోనే దేవుడున్నాడని నిరూపించాడు కదా అని కొందరు నాకు ఎదురు చెబుతారు. వాళ్ళకు నేను పాస్కల్‌ను చూపిస్తాను. ఆయన గణితవేత్త, తర్కం తెలియనివాడేమీ కాదు. 1654 నవంబర్ 23 రాత్రి ఒక కాగితం మీద "అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్త్వవేత్తల, పండితుల దేవుడు కాదు" అని రాసుకున్నాడు. 1662లో ఆయన పోయాక చూస్తే, ఆ కాగితం కోటు అస్తరులో కుట్టి ఉంది.