మన మాటలు ఫోను వింటోందా?

ప్రశ్న: మొన్న మా ఆడపడుచు వస్తే పొందూరు ఖద్దరు చీరల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఫోనులో ఏమీ వెతకలేదు, అయినా సాయంత్రానికి ఫేస్‌బుక్ తెరిస్తే అన్నీ చేనేత చీరలే! మనం మాట్లాడుకునేది ఫోను వింటోందా? మాది ఆండ్రాయిడ్ ఫోను. ఏ సెట్టింగ్ మార్చాలో అర్థమయ్యేలా చెప్పండి.
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఈ అనుమానం చాలామందికి ఉందమ్మా. కానీ ప్రకటనల కోసం ఫోను చాటుగా మాటలు వింటోందనడానికి గట్టి ఆధారమేదీ ఇంతవరకూ బయటపడలేదు. మీ ఆడపడుచు తన ఫోనులో ఆ చీరలు వెతికి ఉండొచ్చు, మీ ఇంటి వైఫైకే కనెక్ట్ అయి ఉండొచ్చు, ప్రకటనల వాళ్లకు ఆ మాత్రం ఆచూకీ చాలు. మీ ఫోనులో ఉన్నది ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతది గానీ అయితే, ఏ యాప్ మైకు వాడినా, కెమెరా వాడినా పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, ఓ కన్నేసి ఉంచండి.

నన్నడిగితే మైకు కంటే ముందు చూడాల్సినవి కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరవండి (ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెడుతుంది, దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో పర్మిషన్ అని కొట్టండి). కాంటాక్ట్స్ నొక్కితే ఎవరెవరికి తాళం ఇచ్చారో వరసగా కనిపిస్తుంది. టార్చ్ యాప్‌కి మీ చుట్టాల నంబర్లతో ఏం పని? డోంట్ అలో పెట్టేయండి. ఎస్ఎంఎస్ దగ్గర మాత్రం కాస్త చూసుకుని చేయండి, ఫోన్‌పే లాంటివి సిమ్‌ని సరిచూసుకోవడానికి ఆ అనుమతి అడుగుతాయి. లొకేషన్‌కి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది చాలు, వాతావరణం చెప్పే యాప్‌కైతే ‘ప్రిసైజ్’ (మీరున్న కచ్చితమైన చోటు) కూడా తీసేయొచ్చు, పలాసలో వాన పడుతుందో లేదో చెప్పడానికి మీ వీధి తెలియక్కర్లేదు కదా.

అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు చూడకూడదని ప్లే స్టోర్ 2023లో నిబంధన పెట్టింది. అయితే పెళ్లి శుభలేఖ అనో, ప్రభుత్వ పథకం అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే నేరుగా ఫోనులోకి ఎక్కే యాప్‌లు) ఆ స్టోర్ గుమ్మం తొక్కవు, నిబంధనలు వాటికేం పట్టవు. అలాంటి యాప్‌కి ఒక్కసారి ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చామంటే బ్యాంకు ఓటీపీ మనకంటే ముందు మోసగాళ్లే చదువుతారు. అందుకే సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’లోకి వెళ్లి వాట్సాప్, క్రోమ్ రెండింటికీ ఆపేయండి, తెలిసినవాళ్లు పంపినా సరే, వాళ్ల ఫోనే హ్యాక్ అయి ఉండొచ్చు.

చీరల ప్రకటనలంటారా, ప్రైవసీలోనే యాడ్స్ అని ఉంటుంది, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీ (ప్రకటనల వాళ్లు మీ ఫోనుని గుర్తుపట్టే నంబరు) డిలీట్ చేయండి. ప్రకటనలు ఆగిపోవు గానీ వెంటబడటం తగ్గుతుంది. ఇంకోటి, ఫోను లాక్‌లో ఉన్నా ఓటీపీ తెరమీద కనబడుతోందా? నోటిఫికేషన్స్‌లో లాక్ స్క్రీన్ దగ్గర ‘సెన్సిటివ్’ అన్నది దాచేయండి. ఇప్పటికే ఎవరైనా డబ్బు లాగేసుంటే సెట్టింగ్స్ తర్వాత చూసుకోవచ్చు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే మీ బ్యాంకుకి.