కుక్క మీద స్కంక్ చిమ్మింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: ఈ మధ్యే డల్లాస్‌కి ఉత్తరంగా, ఊరి బయట రెండెకరాల స్థలంలో ఇల్లు కొనుక్కున్నాం. మొన్న రాత్రి మా లాబ్రడార్ పెరట్లో స్కంక్‌తో, అదే కంపు ద్రవం చిమ్మే అడవి జంతువుతో, తలపడింది. ఇల్లంతా కంపు. ఎవరో చెబితే టమాటా జ్యూస్ ఎనిమిది డబ్బాలు పోసి రుద్దాం. ఒంటికి పట్టిన వాసన వదలడం లేదు, కార్పెట్‌కీ పట్టేసింది. ముక్కు మీద చిన్న గీత కూడా పడింది. మా ఆవిడ మళ్ళీ అపార్ట్‌మెంట్‌కి పోదాం అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం నిండా వాసన గొడవే ఉంది, ముక్కు మీద గీత సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆ గీత దగ్గరే మొదలుపెడతాను. ఇది చదవగానే మీ వెట్‌కి, అంటే పశువుల డాక్టరుకి, ఫోన్ చేయండి. కంపు సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

టెక్సస్‌లో రేబిస్ ఎక్కువగా కనిపించేది గబ్బిలాల్లోనూ స్కంకుల్లోనూ. మనకి రేబిస్ అనగానే వీధికుక్క, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తొస్తాయి. ఇక్కడ అడవి జంతువు మన కుక్కని కరిస్తే, ఆ తర్వాత కుక్క నుంచి మనకి వస్తుందేమోనన్నది భయం. స్కంక్ చిమ్మిన ద్రవం వల్ల రేబిస్ రాదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. దాని పన్ను దిగినా, దాని లాలాజలం కుక్క గాయానికో కంటికో నోటికో తగిలినా అప్పుడే ప్రమాదం. మీ కుక్క ముక్కు మీద గీత పంటిదో, గోరుదో, కంచె తీగ గీరుకున్నదో మనం ఇంట్లో కూర్చుని తేల్చలేం.

వెట్ మొదట అడిగేది టీకా కాగితమే. టెక్సస్‌లో కుక్కకి పదహారు వారాలు నిండేలోపు రేబిస్ టీకా వేయించాలని చట్టం. గడువు దాటని టీకా ఉంటే, రేబిస్ అనుమానం ఉన్న జంతువు కరిచినా వెంటనే ఒక బూస్టర్ వేసి 45 రోజులు విడిగా ఉంచమంటారు. గడువు దాటితే మాత్రం సంగతి వేరు. కుక్కని చంపించడమో, లేదా వెంటనే టీకా వేసి 90 రోజులు కట్టడి చేసి మూడో వారం, ఎనిమిదో వారం బూస్టర్లు వేయించడమో, ఈ రెండే దారులు. చట్టంలో మొదటి దారి చంపించడమని తెలిసిన రోజు నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

ఎందుకంటే మా కుక్క పండు మీద స్కంక్ చిమ్మినప్పుడు దాని టీకా కాగితం గడువు దాటిపోయి ఉంది. అది మూడేళ్ళ టీకా అనుకుంటూ వచ్చాను. కుక్కపిల్లకి మొదటిసారి వేసింది ఏడాదికే చెల్లుతుందని కాగితం మీద అచ్చు వేసి ఉంది, నేనే చదవలేదు. మూడు నెలలు గ్యారేజీలో రెండు తలుపుల వెనక ఉంది పాపం. దాని గిన్నె పెట్టడానికి వెళ్ళేది నేనొక్కదాన్నే. పిల్లలు లాండ్రీ గది కిటికీలోంచి చెయ్యి ఊపేవాళ్ళు. అందుకే ఈ సంగతిలో నా గొంతు కాస్త పెద్దదవుతుంది, ఏమీ అనుకోకండి.

కుక్కని ఇండియా నుంచి తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట. 2024 ఆగస్టు నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది కాబట్టి అక్కడ టీకా వేయించుకున్న కుక్క ఇక్కడ సీడీసీ గుర్తించిన కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకుని దిగాలి. అక్కడ మళ్ళీ ఒక టీకా వేస్తారు. ఆ కాగితాన్ని గ్రీన్ కార్డు దాచినట్టు దాచుకోండి.

ఇక మా పండు మీద స్కంక్ చిమ్మిన రాత్రి సంగతి. అక్టోబరు నెల. అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. పదిన్నరకి పండుని చివరి విడతగా బయటికి వదిలి వరండాలో నిలబడ్డాను. మా ఇంటికి గ్యాస్ లైను లేదు, పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది. ఆ ట్యాంకు కింద నల్లగా, పిల్లికన్నా కాస్త బొద్దుగా ఒకటి తిరుగుతోంది. నెత్తి మీద మొదలైన తెల్లచార మెడ దాటాక రెండుగా చీలి తోకదాకా పోయింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏవమ్మా, పునుగు పిల్లా?" అన్నారు. ఆవిడకి అది పవిత్రమైన జంతువు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసే పునుగు తైలం దానిదే కదా. పునుగు పిల్లికీ స్కంక్‌కీ తోక కింద గ్రంథులు ఉన్నాయన్న మాటే తప్ప చుట్టరికం ఏమీ లేదని నాకు అప్పటికి తెలియదు. నేనూ ముచ్చటగానే చూస్తున్నాను.

స్కంక్ తొందరపడి చిమ్మదు. ముందు హెచ్చరిస్తుంది. ముందు కాళ్ళతో నేలని టపటపా కొట్టింది. తోక కుంచెలా నిక్కబొడుచుకుంది. రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ కొట్టింది. మా పండుకి అది ఆటకి పిలుపులా కనిపించింది. ముందు కాళ్ళు చాపి, వెనక భాగం పైకెత్తి, తోక ఊపింది. స్కంక్ ఒళ్ళు వంచింది. తలా తోకా రెండూ పండు వైపే ఉన్నాయి. అంతే.

మొదటి క్షణంలో అది జంతువు వాసనని నాకు తట్టనే లేదు. ట్యాంకు లీకయిందనుకున్నాను. "అందరూ బయటికి రండి" అని అరిచాను. ఆ పొరపాటుకి కారణం ఉంది. స్కంక్ చిమ్మే ద్రవంలో ముఖ్యమైనవి థయోల్స్ అనే గంధకపు పదార్థాలు. వంట గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఆ జాతిదే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. మన ఊళ్ళో సిలిండర్ వాసనా అదే. గ్యాస్‌లో వాసన కలిపి తీరాలన్న చట్టం రావడానికి పెద్ద కారణం కూడా ఈ టెక్ససే. 1937 మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్ళో బడిలో వాసనలేని గ్యాస్ పేరుకుని పేలింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే.

నా అరుపుకి మావారు తలుపు బార్లా తీశారు. పండు ఆ సందులోంచి లోపలికి దూరింది. కళ్ళు మండుతున్నాయి కదా, కార్పెట్‌కి మొహం రుద్దుకుంది, సోఫాకి రుద్దుకుంది, చివరికి అత్తగారి వెంకటగిరి చీర కుచ్చిళ్ళకి రుద్దుకుంది. ఆవిడ అరగంటసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంగువ డబ్బా పొయ్యిలో పడేసి కాల్చినట్టుందే" అన్నారు. ఇప్పటికీ నాకు అంతకన్నా మంచి వర్ణన దొరకలేదు.

కాబట్టి ఇంకోసారి జరిగితే ముందు తలుపు మూయండి, కుక్క బయటే ఉండాలి. మామూలు నీళ్ళతోనో కళ్ళకి వాడే సెలైన్‌తోనో దాని కళ్ళు కడగండి. చేతులకి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. కరిచి ఉండొచ్చని అనుమానం ఉంటే అవి తప్పనిసరి. మా అత్తగారు కొంగు బిగించి వట్టి చేతులతో పండు మొహం తుడిచారు. అరచేతిలో కత్తిపీట గాటు ఉందని మర్నాడు డాక్టరు అడిగితే చెప్పారు. మనిషికి టీకా ఇప్పుడు బొడ్డు చుట్టూ కాదు, చేతికే. నాలుగు డోసులు, మొదటి రోజు దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్. ఇక్కడ అది వేల డాలర్ల బిల్లు. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళతో నేను ఫోన్లో గడిపిన గంటలు ఆ తొంభై రోజులకన్నా పొడుగు.

మందు ఇదీ. క్వార్ట్, అంటే లీటరుకి కాస్త తక్కువ, మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఏ ఫార్మసీలోనైనా గోధుమరంగు సీసాలో దొరుకుతుంది. అందులో పావు కప్పు వంట సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ ఒకటో రెండో టీస్పూన్లు. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడానే. వెడల్పు బకెట్లో కలిపి నురగ మీద ఉండగానే పొడి ఒంటికే పట్టించండి, ముందు నీళ్ళు పోయకండి. కళ్ళలో పడకూడదు. ఐదు నిమిషాలు ఆగి కడిగేయండి. మిగిలింది సీసాలో పోసి మూత బిగించారో, లోపల ఆక్సిజన్ చేరి పగులుతుంది. పారబోయడమే.

ఇది చిట్కాల పుస్తకంలోది కాదు. పాల్ క్రేబామ్ అనే కెమిస్టు లాబ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ కంపు పోగొట్టడానికి వాడే పద్ధతిది. తోటి ఉద్యోగి పిల్లి మీద స్కంక్ చిమ్మితే దాన్ని కాస్త పలచబరిచి ఇచ్చాడట. 1993లో కెమికల్ అండ్ ఇంజనీరింగ్ న్యూస్‌లో అచ్చయింది. పెరాక్సైడ్ ఆ థయోల్స్‌ని వాసన లేని పదార్థాలుగా మార్చేస్తుంది. టమాటా జ్యూస్ అలాంటిదేమీ చేయదు. చేపల మార్కెట్లో పావుగంట నిలబడితే మన ముక్కుకి చేపలు తెలియనట్టు, మీ ముక్కు స్కంక్‌కి అలవాటుపడి టమాటాని మాత్రమే పట్టుకుంటుంది. బయటినుంచి వచ్చినవాళ్ళకి రెండూ తెలుస్తాయి. ఆ ఎనిమిది డబ్బాలూ చారు పెట్టుకునుంటే బాగుండేది.

మీది ఏ రంగు లాబ్రడారో రాయలేదు. నల్లదైతే చెప్పండి ఇంట్లోవాళ్ళకి, పెరాక్సైడ్ రంగు లాగేస్తుంది. మా పండు నెలపాటు హెన్నా పెట్టుకున్న మాస్టారిలా తిరిగింది.

ఇంకొకటి, బాగైందనుకున్నాక వర్షంలో తడిస్తే మళ్ళీ వాసన వస్తుంది. మీరు సరిగ్గా కడగలేదని కాదు. ఆ ద్రవంలో థయోఎసిటేట్లు అనేవి కూడా ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఊరుకుని, నీళ్ళు తగిలితే థయోల్స్‌గా మారతాయి. రెండోసారి మందు పట్టించండి. కార్పెట్ విషయంలో నేను మీకు ఆశ పెట్టను. మేం వెనిగర్‌తో మొదలుపెట్టి అన్నీ చూసి చివరికి పీకి పారేశాం.

రెండు మూడు రోజులు దాని చిగుళ్ళు చూస్తూ ఉండండి. పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నీరసంగా పడుకున్నా మళ్ళీ వెట్ దగ్గరికే. దగ్గరనుంచి మొహం మీద పడితే అరుదుగా రక్తకణాలు దెబ్బతింటాయి.

అది మళ్ళీ వస్తుందా అని మీరు అడగలేదు గానీ, వస్తుంది. వరండాలో రాత్రంతా వదిలేసిన డాగ్ ఫుడ్, కూరగాయల తొక్కల కుప్ప, గోంగూర మడుల్లో పురుగులు, డెక్ కింద వెచ్చటి ఖాళీ, అన్నీ దానికి కావలసినవే. మా షెడ్డు కింద కన్నం ఉంది. అందులో ఉందో లేదో చూడటానికి టార్చి వేసుకుని వంగబోతే అత్తగారు ఆపి, కన్నం ముందు బియ్యప్పిండి చల్లించారు. ధనుర్మాసంలో వాకిట్లో వేసినంత శ్రద్ధగా ఆవిడే ఒక అడుగు వెడల్పున సమంగా పరిచారు. తెల్లారి చూస్తే అయిదేసి వేళ్ళ అడుగులు, ముందు కాళ్ళవైతే గోళ్ళ గుర్తులు బాగా ముందుకి పడ్డాయి. అన్నీ బయటికి వెళ్ళినవే, లోపలికి వచ్చినవి లేవు. ఆ పూటే ఇనుప జాలీ బిగించి, అడుగు భాగం మట్టిలోకి పాతాం. మే, జూన్ నెలల్లో మాత్రం ఇలా మూయకండి. లోపల పిల్లలుంటాయి. తల్లి బయట, పిల్లలు లోపల చిక్కితే చచ్చాక వచ్చే కంపు ఇంకో రకం. బోనులో పట్టి కారులో వేసుకెళ్ళి ఎక్కడో వదలాలనీ చూడకండి. రేబిస్ మోసే జంతువుల్ని అలా తరలించడం మీద ఇక్కడ నిబంధనలున్నాయి. లైసెన్సు ఉన్నవాళ్ళని పిలవండి. పట్టపగలు తూలుతూ, మనిషిని చూసి బెదరకుండా నడిచే స్కంక్ కనిపిస్తే దగ్గరికి పోకుండా యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి.

మీ ఆవిడతో చెప్పండి, స్కంకులకి ఎకరాలు అక్కర్లేదు. ఊళ్ళో కమ్యూనిటీల వెనక కాల్వల్లోనూ, అపార్ట్‌మెంట్ చెత్తడబ్బాల దగ్గరా తిరుగుతూనే ఉంటాయి. అక్కడైతే పైన ఉన్నవాళ్ళకీ పక్కన ఉన్నవాళ్ళకీ కూడా మీరే సమాధానం చెప్పుకోవాలి. ముందు వెట్‌కి ఫోన్ చేశారో లేదో నాకో ముక్క రాయండి. టీకా కాగితం దొరక్కపోతే వేయించిన చోటే అడగండి, రికార్డు వాళ్ళ దగ్గర ఉంటుంది.